గుర్తు తెలియని డ్రైవరు

మా ఇంట్లో కారు కొన్నది మా ఆయన, నడిపేది మా ఆయన. దాన్ని వెనక్కి నడిపించేది మాత్రం నేను. పద్నాలుగేళ్లుగా పొద్దున్న ఎనిమిదింపావు అయ్యేసరికి, పొయ్యి మీద ఏమున్నా సరే, మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వీధిలోకి రావాలి. మా గేటు సన్నం, వీధి ఇంకా సన్నం, ఎదురుగా ఎవరిదో రాతి గోడ. ఆ గోడకి వీపు ఆనించి నిలబడి, "రానివ్వండి... రానివ్వండి... కొంచెం కుడికి కొట్టండి... ఇంకొంచెం... చాలు" అంటాను. చాలు అన్నప్పుడు డిక్కీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టాలి. అది ఆయన పెట్టిన నియమం. అద్దాలు ఎత్తేసుకుని లోపల కూర్చుంటే నా గొంతు వినపడదట. వానొచ్చినా తట్టాను, జ్వరమొచ్చినా తట్టాను, పాప కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెలదాకా తట్టాను. చాలు అన్నాక కారు ముందుకి తిరిగి వెళ్లిపోతుంది. నేను గేటు వేసుకుని లోపలికి వెళ్లి మంట పెంచుతాను. ఈ పనికి ఒక పేరుందని గానీ, ఇది పని అని గానీ నాకు ఎప్పుడూ తోచలేదు.

ఒకసారి మాత్రం అడిగాను. వెనక ఏముందో చూపించే కెమెరాలొస్తున్నాయటగా, మనమూ ఒకటి పెట్టించుకుందామా అని. ఆయన నవ్వి, "దండగ, నువ్వున్నావుగా" అన్నారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాటకి నేను ఆరోజంతా సంతోషంగా ఉన్నాను. నేనుండగా కెమెరా ఎందుకు అన్నారని అత్తయ్యకి చెప్పుకున్నాను కూడా. ఆవిడ నా వంక ఒకసారి చూసి మళ్లీ బియ్యం ఏరుకోసాగారు. ఆవిడకి నాకంటే ముప్ఫై ఏళ్ల అనుభవం ఎక్కువ.

ఆ గురువారం ఆయన ఫోన్లో మాట్లాడుతూనే కారెక్కారు. పాప వెనక సీట్లో ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది. నేను గోడ దగ్గర నిలబడి రానివ్వండి, రానివ్వండి అంటున్నాను. రోజూ ఆగేచోట కారు ఆగలేదు. "చాలు" అన్నాను. తట్టాను. "ఏమండీ, ఆగండి, ఆగండి" అన్నాను. రెండోసారి తట్టబోయేసరికి నా కుడిచెయ్యి డిక్కీకీ గోడకీ మధ్యలో ఉంది. ఎండు పుల్ల విరిచినట్టు చిన్న చప్పుడు, అంతే. ఆ తర్వాత వినపడిన అరుపు నాదేనని నాకు కాసేపటిదాకా తెలియలేదు. అబద్ధమాడకూడదు, ఆయన దిగి ముందు నన్నే చూశారు, కారుని తర్వాత చూశారు. కళ్లు తేలేసిన నన్ను పట్టుకుని ఆయన అన్న మొదటి మాట ఒకటుంది. "గట్టిగా చెప్పొద్దూ?"

మా ఆయన ఒక సరుకు రవాణా కంపెనీలో పర్యవేక్షకుడు. అరవైమంది లారీ డ్రైవర్లు ఆయన కింద పనిచేస్తారు. ఏటా ఒకరోజు వాళ్లందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తగా నడపడం గురించి గంటసేపు మాట్లాడతారు. ఆ ఉపన్యాసం తెల్లకాగితం మీద నేనే రాసిపెడతాను, నా అక్షరాలు బాగుంటాయని. "బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోకండి, ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్లున్నారు" అన్న వాక్యం నాదే. దానికి ప్రతిసారీ చప్పట్లు కొడతారట. పదేళ్లు ఒక్క ప్రమాదం కూడా జరగలేదని కంపెనీవాళ్లిచ్చిన ఇత్తడి ఫలకం మా హాల్లో టీవీ పక్కన ఉంటుంది. వారానికోసారి తుడిచేదీ నేనే.

ఇక ఇన్సూరెన్సు సంగతి చెప్పాలి, అసలు కథ అక్కడే ఉంది. పదమూడేళ్లు దాన్ని నేనే కట్టించాను. కాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పది రోజుల ముందునుంచీ గుర్తుచేసి, కాగితాలు తీసి సంచీలో పెట్టి, కట్టొచ్చాక రసీదు బీరువాలో దాచేదాన్ని. కిందటేడాది ఆయన ఆఫీసులో ఎవరో, "సార్ బండి కాగితాలు కూడా మేడమ్‌గారే చూస్తారా" అని నవ్వారట. ఆరోజు ఇంటికొచ్చి కాలెండర్ వంక చూసి, గోడ నిండా ఈ సున్నాలేమిటి, ఇల్లా, బడా అని విసుక్కుని, ఇకనుంచి అన్నీ నా ఫోన్లో పెట్టుకుంటాను, నువ్వు కలగజేసుకోకు అన్నారు. నేను కలగజేసుకోలేదు. అదొక్కటే నేను ఆయన మాట అక్షరాలా విన్న సందర్భం. ప్రమాదం జరిగేనాటికి ఇన్సూరెన్సు గడువు దాటి ఇరవై మూడు రోజులైంది.

ఆ సంగతి ఆసుపత్రి వరండాలో తెలిసింది. నాకు సూది మందిచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఆయన గోడవైపు తిరిగి వాళ్ల అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నారు. మా వదిన ఒక లాయరు దగ్గర ఇరవై ఏళ్లుగా టైపు కొడుతోంది. ఆ లాయరుకంటే తనకే చట్టం ఎక్కువ తెలుసని తన నమ్మకం, కొంతవరకు నిజం కూడా. ఆయన ముందు మామూలుగా మాట్లాడుతున్నవారు కాస్తా గొంతు తగ్గించారు. తర్వాత ఫోన్లో ఏదో వెతికారు. తర్వాత కూలబడ్డట్టు బల్ల మీద కూర్చున్నారు. లేచి వెళ్లి ఆసుపత్రి గుమాస్తాతో చెప్పిన మాట నాకు స్పష్టంగా వినపడింది. "గుర్తు తెలియని వాహనమండీ. గుద్ది వెళ్లిపోయింది." పేపర్లో రోజూ చదివే మాట. అది మా ఇంటి గేటు లోపల రోజూ తుడిచి పెట్టే కారు గురించి అంటారని నేనెప్పుడూ అనుకోలేదు. నేను ఏమీ అనలేదు. మందు మత్తు అని చెప్పుకోవచ్చు గానీ అది నిజం కాదు. ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది.

వదిన మర్నాడే వచ్చింది. తను చెప్పిన లెక్క ఇది. ఇన్సూరెన్సు లేని బండ్లూ, గుద్ది పారిపోయిన బండ్లూ చేసిన నష్టానికి పరిహారం ఇవ్వడానికి ఒక నిధి ఉంది. డ్రైవరు ఎవరో తెలిస్తే ఒక దరఖాస్తు, తెలియకపోతే వేరే దరఖాస్తు. తెలియదంటే డబ్బు నిధి ఇస్తుంది, ఎవరి దగ్గరా వసూలు చేసుకోదు, ఎవరికీ నష్టం లేదు. తెలుసంటే తమ్ముడి మీద కేసు, లైసెన్సు, ఉద్యోగం, అన్నీ. "ఎవరికీ నష్టం లేదు" అన్న మాట వదిన మూడుసార్లు అంది. నా చెయ్యి అప్పుడు భుజందాకా కట్టుతో, దిండు మీద, తన మోకాలికి జానెడు దూరంలో ఉంది. అత్తయ్య, "ఇంటి గుట్టు లంకకు చేటమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నీకు చెప్పక్కర్లేదు" అన్నారు. ఆవిడ అరిచి చెప్పే మనిషి కాదు. మెత్తగా చెప్పి, నా తలకింద దిండు సర్ది వెళ్లారు.

దరఖాస్తు ఆయనే నింపారు, నాకు చెయ్యి లేదు కాబట్టి. బాధితురాలి వృత్తి అన్నచోట గృహిణి అని రాశారు. నేను ఏడేళ్లుగా ఒక బట్టల షాపు వెనక గదిలో ఆల్టరేషన్లు చేస్తున్నాను. ప్యాంటు అంచులు మడవడం, కోటు చేతులు పొట్టి చెయ్యడం, నడుము బిగించడం, వదులు చెయ్యడం. పాప బడికి వెళ్లాక వెళ్తాను, తను వచ్చేలోపు వచ్చేస్తాను. పీసుకింత అని ఇస్తారు. ఆ మాట చెప్తే ఆయన పెన్ను ఆపకుండానే, "అది ఉద్యోగమేమిటి, కాలక్షేపం. అదంతా రాస్తే లేనిపోని ప్రశ్నలు" అన్నారు. పాప పుస్తకాలకీ, అత్తయ్య మందులకీ, గ్యాసుకీ ఏడేళ్లుగా నా కాలక్షేపమే వెళ్తోంది. డ్రైవరు వివరాలు అన్నచోట గుర్తు తెలియదు అని రాశారు. వాహనం అన్నచోట తెల్ల వ్యాను అని రాశారు. మా కారు బూడిద రంగు. కింద నా ఎడమచేతికి పెన్నిచ్చి, పట్టుకుని సంతకం పెట్టించారు. అది సంతకంలా లేదు, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంది.

మొదటి ఆపరేషన్‌లో ఎముకలకి కడ్డీలు వేశారు. నాలుగువేళ్లు మెల్లగా దారికొచ్చాయి. బొటనవేలు రాలేదు. అది అరచేతి పక్కన అలిగిన చుట్టంలా అటువైపు తిరిగి కూర్చుంది. బొటనవేలు లేకపోతే కత్తెర లేదు, సూది లేదు, చీటీ మీద కొలత రాసుకోవడం లేదు. డాక్టరు స్పష్టంగా చెప్పారు, ఏడాదిలోపు రెండో ఆపరేషన్ చేస్తే వంగుతుంది, ఆలస్యమైతే కీలు బిగిసిపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. మా ఆయన క్లెయిమ్ డబ్బు రానీ, చేయిద్దాం అన్నారు. షాపు ఓనరమ్మ రెండు నెలలు నా స్టూలు ఖాళీగా ఉంచింది. అది నిజంగా మంచితనమే. మూడో నెలలో వేరే అమ్మాయిని పెట్టుకుని, "నీకేమమ్మా, ఆయన జీతముందిగా, నిదానంగా రా, గుండీలు ఏరడానికి ఎప్పుడైనా పనికొస్తావు" అంది. వెళ్లాను. రెండు రోజులు ఎడమచేత్తో నల్ల గుండీలు ఒక డబ్బాలో, తెల్లవి ఒక డబ్బాలో వేశాను. మూడో రోజు వెళ్లలేదు.

ఇంట్లో మాత్రం పని ఎవరూ ఆపలేదు. వంటకి మనిషిని పెడదామంటే, ఒక చెయ్యి ఉందిగా, మేమూ ఉన్నాంగా అన్నారు. వాళ్లు ఉన్నారు, అందులో సందేహం లేదు, ఉండి ఏమేం ఎక్కడున్నాయో నన్నే అడిగేవాళ్లు. ఉప్పు డబ్బా నుంచి ఆయన మేజోళ్ల దాకా. ఎడమచేత్తో కూర తరగడం నేర్చుకున్నాను, ముక్కలు ఒకటి కొండంత, ఒకటి గోరంత. మొదట్లో ఆయన ఏమీ అనకుండా తిన్నారు. తర్వాత ఒకరోజు, "ఇవి ముక్కలా, రాళ్లా" అని నవ్వారు. పాప నవ్వలేదు.

ఎడమచేత్తో రాయడం మాత్రం పాప దగ్గరే నేర్చుకున్నాను. తన పాత కాపీ పుస్తకంలో వెనక పేజీలు మిగిలాయి. రోజూ సాయంత్రం తను లెక్కలు చేసుకుంటుంటే నేను పక్కన కూర్చుని అక్షరాలు దిద్దేదాన్ని. అ మొదలుపెట్టి ఱ దాకా. "అమ్మా, గీత దాటకూడదు" అని నాకు మార్కులు వేసేది. నాలుగు నెలలకి నా అక్షరాలు మూడో తరగతి పిల్లవి అంత అయ్యాయి. అలా ఒక సాయంత్రం రాస్తూ ఉండగా పాప తల ఎత్తకుండానే అడిగింది, "అమ్మా, నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలి? అత్తేమో నేను అప్పటికే బడికి వెళ్లిపోయానని చెప్పమంది. కానీ నేను కార్లో ఉన్నాను కదా. నాన్నా, అమ్మ అని అరిచాను కదా." పదకొండేళ్ల పిల్ల. నేను తనకి అబద్ధమాడకూడదని చెప్పిపెంచాను, అది పుస్తకంలో ఉంది కాబట్టి. ఇప్పుడు మాత్రం, "నిన్నెవరూ అడగరులే" అన్నాను. అదేమంత జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంతలో ఆయన కారుకి కెమెరా పెట్టించారు. నన్ను పిలిచి చూపించారు కూడా, ముచ్చటగా. ఇక నువ్వు వీధిలోకి రానక్కర్లేదు, హాయిగా ఇంట్లో ఉండు అన్నారు. మర్నాడు పొద్దున్న అలవాటుగా మంట తగ్గించి కిటికీ దగ్గరికి వెళ్లాను. కారు వెనక్కి వస్తోంది. గోడ ఇంకా రెండు బారల దూరముంది. లోపల ఎక్కడో కీచుమని ఒక చప్పుడు, చిన్నది, బొమ్మలో వచ్చే చప్పుడు లాంటిది. కారు టక్కున ఆగిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. ఆ కెమెరా ఏమండీ అనలేదు. చాలు అనలేదు. తట్టలేదు. ఒక్కసారి కూసింది, ఆయన ఆగారు. మరునాడూ చూశాను, ఆ మరునాడూ చూశాను. ఒక్కసారి కూడా రెండోసారి కూయాల్సిన అవసరం దానికి రాలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. చెయ్యి విరిగినప్పుడు రానిది, గుర్తు తెలియని వాహనం అన్నప్పుడు రానిది, గుండీలు ఏరినప్పుడు రానిది, ఆ కీచుమన్న చప్పుడు విన్నప్పుడు వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, నేను తుడవలేదు.

ఆరో నెలలో నిధి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. విచారణకి బాధితురాలు స్వయంగా రావాలి, వాంగ్మూలం ఒంటరిగా తీసుకుంటారు అని. ఇక మా ఇల్లు పరీక్షల ముందు బడిలా అయింది. వదిన రెండు ఆదివారాలు వచ్చి నన్ను జవాబులు అప్పగించమంది. వ్యాను రంగేమిటి? తెలుపు. ఎటునుంచి వచ్చింది? సందు చివరనుంచి, వెనక్కి. నంబరు? చూడలేదు. డ్రైవరు? చూడలేదు, అద్దాలు నల్లగా ఉన్నాయి. నువ్వు వీధిలో ఎందుకున్నావు? చెత్త బుట్ట బయట పెట్టడానికి. చెత్త బుట్ట బాగుంది, దాన్ని ఎవరూ అనుమానించరు అని వదిన మెచ్చుకుంది. ఒకచోట నేను తడబడితే ఆయన చిరాకుపడి, ఇంత చిన్న విషయం గుర్తుపెట్టుకోలేవా, నువ్వు బండి కాగితాల తేదీలన్నీ గుర్తుపెట్టుకునేదానివిగా అన్నారు. అన్నాక ఆ మాట తనకే తగిలి, లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లారు. అత్తయ్య ఒక్కరే నన్ను ఏమీ అడగలేదు. నా కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తూ కూర్చున్నారు. "మీ మామయ్యగారు నా చెవి మీద కొట్టినప్పుడు జారిపడ్డానని చెప్పాను. ఈ చెవి అందుకే వినపడదు" అన్నారు. అని, ఇంటి గుట్టు గురించి మళ్లీ ఏమీ అనలేదు.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. విచారణ అధికారి యాభై దాటిన మనిషి, కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేసుకుంది. బల్ల మీద టీ గ్లాసు, దాని మీద మూతగా ఒక పాత పోస్టుకార్డు. గదికి అద్దం తలుపు, అవతల వరండాలో బెంచీ మీద మా ఆయన కూర్చున్నారు. నేను లోపలికి వెళ్తుంటే అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించారు, భయపడకు అన్నట్టు. ఆయనకి అందులో ఏమీ తోచి ఉండదు.

ఆవిడ ఒక్కొక్కటే అడిగింది, నేను ఒక్కొక్కటే అప్పగించాను. రంగు, దిక్కు, నంబరు, చెత్త బుట్ట. వదిన ఉంటే నూటికి నూరు వేసేది. తర్వాత ఆవిడ కాగితం తిప్పి, డ్రైవరు మిమ్మల్ని చూశాడా అంది. లేదు అన్నాను. అది మాత్రం నిజమే. మీరు అరిచారా అంది. అరిచానన్నాను.

"ఏమని అరిచారు?"

ఈ ప్రశ్న వదిన వేయలేదు. ఆదివారం వేయలేదు, ఆ ముందు ఆదివారం వేయలేదు. అప్పగించడానికి జవాబు లేదు కాబట్టి, జరిగింది నోట్లోంచి వచ్చేసింది.

"ఏమండీ, ఆగండి, అని."

ఆవిడ రాయబోతూ పెన్ను ఆపింది. కళ్లజోడు తీసింది. దాని తాడు సర్దుకుంది. మీద పడబోయే బండిని చూసి ఎవరైనా ఏమంటారో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. ఓయ్ అంటారు, ఆగాగు అంటారు, లేకపోతే ఉత్తినే కేకేస్తారు. పద్నాలుగేళ్లు నేను ప్రపంచంలో ఒక్క మనిషిని ఆ మాటతో పిలిచాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా మర్యాద తప్పలేదు.

"డ్రైవరు ఎవరో మీరు చూడలేదని ఇక్కడుంది" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "మా ఇంట్లో కూడా ఆ మాట ఉందమ్మా. అయితే బజార్లో తెలియనివాళ్లనీ అలాగే పిలుస్తాం. అలాగే పిలిచానంటే అలాగే రాసుకుంటాను."

పడ్డవాళ్లకి చెయ్యందించినట్టు అందించింది. పట్టుకుంటే చాలు, అందరం ఒడ్డున పడతాం. ఆయన ఉద్యోగం ఉంటుంది, ఫలకం ఉంటుంది, డబ్బొస్తుంది, ఆపరేషన్ అవుతుంది. ఎవరికీ నష్టం లేదు. వదిన ఆ మాట మూడుసార్లు అన్నప్పుడు నేను లెక్కపెట్టాను, ఆ 'ఎవరికీ'లో ఒక్కసారైనా నేను ఉన్నానా అని. అద్దం అవతల ఆయన ఫోను చూసుకుంటున్నారు. చెడ్డవారు కాదు. రాత్రుళ్లు నా చెయ్యి నలగకుండా దిండు పెట్టిన మనిషి. ఆరు నెలల్లో ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, నాతో ఒంటరిగా, నా వల్ల ఇలా అయింది అని ఉంటే నేను ఆ తెల్ల వ్యానుకి నంబరు కూడా కల్పించి చెప్పేదాన్నేమో. అనలేదు. గట్టిగా చెప్పొద్దూ అన్నదే ఆఖరు మాట. ఇంట్లో ఆ మాటే నిలిచిపోయింది, నేను గట్టిగా చెప్పకపోవడం వల్ల నా చెయ్యి విరిగింది. ఈ కాగితం అలాగే పోతే ఇక ఎప్పటికీ అంతే. రేపు పాపని ఎవరైనా అడిగితే తను కార్లో లేదు. చూడలేదు. అరవలేదు. మా అత్తయ్య జారిపడ్డారు, నన్ను తెల్ల వ్యాను గుద్దింది, పాప వంతుకి ఏం సిద్ధంగా ఉందో.

"మేడమ్, డ్రైవరు తెలిసి, బండికి ఇన్సూరెన్సు లేకపోతే ఏమవుతుంది?" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. దానికి వేరే దరఖాస్తు ఉందని చెప్పింది. పరిహారం నాకే వస్తుంది, ముందు నిధి ఇస్తుంది, తర్వాత ఆ డ్రైవరు దగ్గర వసూలు చేసుకుంటుంది. అతని మీద పోలీసులు తీసుకునే చర్య వేరే, అది ఆపడం తన చేతిలో లేదు. మొదటి దరఖాస్తులో తప్పు ఉందని నేనే ఈరోజు రాసిస్తే, నా క్లెయిమ్‌కి అడ్డం రాకుండా చూస్తానంది. ఆ దరఖాస్తు మీద రాతని వేలితో చూపించి, ఇది మీ రాత కాదు కదా అంది. కాదన్నాను. చెప్పండి, నేను రాస్తాను, మీరు సంతకం పెడుదురుగాని అంది. వద్దు, నేనే రాస్తాను, కాస్త టైము పడుతుంది అన్నాను. ఆవిడ ఆ రెండో దరఖాస్తు నా ముందుకి జరిపి, గ్లాసు మీది పోస్టుకార్డు తీసి, చల్లారిన టీ తాగుతూ కూర్చుంది.

పెన్ను ఎడమచేత్తో తీసుకున్నాను. బాధితురాలి వృత్తి అన్నచోట దర్జీ అని రాశాను. ఏడేళ్లు అని రాశాను, వాళ్లు అడక్కపోయినా. వాహనం రంగు బూడిద. ప్రమాద సమయంలో మీరేం చేస్తున్నారు అన్నచోట, కారు వెనక్కి తియ్యడానికి దారి చూపిస్తున్నాను అని రాశాను. సాక్షులు అన్నచోట కాసేపు ఆగి, ఉన్నారు, అవసరమైతే నన్ను అడిగి పిలవండి అని రాశాను. అద్దం అవతల ఆయన లేచి నిలబడ్డారు. నేను రాస్తున్నానని ఆయనకి కనిపిస్తోంది. ఏం రాస్తున్నానో కనిపించదు. ఎడమచేత్తో నేను ఇంత రాయగలనని ఆయనకి ఇప్పుడే తెలుస్తోంది.

డ్రైవరు పేరు అన్న గడి మిగిలింది. పెళ్లయినప్పటినుంచీ ఆ పేరు నేను నోటితో పిలవలేదు. ఎవరైనా అడిగితే మా ఆయన అనేదాన్ని, పిలవాలంటే ఏమండీ అనేదాన్ని. ఆ గడిలో ఏమండీ అని రాస్తే చెల్లదు. కింద ఇంకో రెండు కాపీలున్నాయమ్మా, గట్టిగా నొక్కి రాయండి అంది ఆవిడ.

గట్టిగానే నొక్కాను. ఇంటిపేరుతో సహా, గీత దాటకుండా, ఆయన పూర్తి పేరు రాశాను.